పాత డీజిలు పెద్ద బండి – కొనేముందు, కొన్న తరువాత
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇరిగేషన్ శాఖ మెకానికల్ వర్క్‌షాపులో ముప్ఫయి మూడేళ్ళు జీపుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. డి.ఎ. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించో మాట్లాడడానికి నాకంటే తెలిసినవారు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మన సభ్యుల ఇళ్ళల్లో పిల్లలు పాత పెద్ద బళ్ళ మీద పడుతున్నారు, నాన్నగారి డబ్బే కదా పెట్టుబడి, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో మధ్యలో మనవి చేస్తాను.

పెద్ద బండి అంటే నా ఉద్దేశం పజేరో, ఫార్చ్యూనర్, ఆపైన ఆడి, బి.ఎం.డబ్ల్యు. లాంటివి. కొత్తవైతే ముప్ఫయి, నలభై లక్షలు, ఇంకా పైన. పదిహేనేళ్ళు వాడినవి నాలుగైదు లక్షలకు దొరుకుతున్నాయి. చిన్న కారు కొత్తది కొనే డబ్బుకంటే తక్కువలో మంత్రిగారి కాన్వాయ్‌లో తిరిగే బండి మన వాకిట్లో నిలబడుతుంది. ఆశ పుట్టడంలో తప్పు లేదు. నాకూ పుట్టింది.

నాకు బాగా తెలిసినది పజేరో కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. జపానులో మిత్సుబిషి కంపెనీ 1982లో మొదలుపెట్టిన బండి ఇది. డకార్ ర్యాలీ అని ఎడారి పందెం ఒకటుంది, దాన్ని పన్నెండుసార్లు గెలిచింది. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ వారు 2002లో పజేరో ఎస్.ఎఫ్.ఎక్స్. పేరుతో దించారు. మద్రాసు పక్కన తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో బిగించేవారు. 2.8 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో డీజిలు ఇంజను, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ పవరు. 2012లో పజేరో స్పోర్ట్ వచ్చాక ఇది ఆగిపోయింది. మిగతా ప్రపంచంలో కూడా 2021లో పజేరో తయారీ ఆగిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, విడిభాగాల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఇంజను మంచిదే, అబద్ధమాడను. డీజిలు పంపు పాత పద్ధతిది, కంప్యూటరు జోలి తక్కువ. టైమింగ్‌కు బెల్టు కాదు, చెయిను. ఆయిలు సకాలంలో మారుస్తూ ఉంటే మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బళ్ళు నేను చూశాను. అయితే దీనికొక మర్మస్థానం ఉంది. కింద బ్లాకు పోతఇనుము, పైన సిలిండర్ హెడ్డు అల్యూమినియం. వేడెక్కినప్పుడు ఈ రెండూ ఒకే తీరుగా వ్యాకోచించవు. రేడియేటరులో నీళ్ళు సరిగా ఉన్నంతకాలం కాపురం సజావుగా సాగుతుంది. ఒక్కసారి బండి బాగా కాగిందా, హెడ్డు వంగుతుంది, లేదా వాల్వుల మధ్య పగులు వస్తుంది. ఈ ఇంజను పేరు చెబితే ఏ దేశపు మెకానిక్కయినా మొదట అనుమానించేది హెడ్డునే.

ఇక నేను దాటవేయాలనుకున్న సంగతి.

మా వియ్యంకుడుగారు హెడ్మాస్టరుగా 2017లో రిటైరయ్యారు. మనందరిలాగే పెన్షనులో నలభై శాతం కమ్యూట్ చేసుకున్నారు. అల్లుడికి, అంటే వారి అబ్బాయికి, పెద్ద బండి మీద మోజు. 2018 నవంబరులో విజయవాడలో 2007 మోడల్ పజేరో ఒకటి అమ్మకానికుందని తెలిసింది. ధర 4 లక్షల 60 వేలు. "బావగారూ, డీజిలు ఇంజన్లంటే మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు, ఒకసారి వచ్చి చూడండి" అని పిలిచారు. నాకూ గర్వంగానే అనిపించింది. వెళ్ళాను.

మేము వెళ్ళేటప్పటికి అమ్మేవాడు బండి స్టార్ట్ చేసి ఉంచాడు. "మీరు వస్తారని ఇప్పుడే కడిగించి తెచ్చాను సార్" అన్నాడు. బోనెట్టు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. నేను ఇంజను పక్కన చెవి పెట్టి విన్నాను, పొగ చూశాను, డిప్‌స్టిక్ తీసి ఆయిలు చూశాను. నట్టు కొట్టిన శబ్దం లేదు, నల్ల పొగ లేదు. రిజర్వాయరు డబ్బాలో నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. కూలెంటు పోయకుండా కుళాయి నీళ్ళు పోసి నడిపిన బండి అని ఆ రంగే చెబుతోంది. నాకది కనిపించింది. కనిపించి కూడా, చిన్న విషయంలే, ఫ్లష్ చేయిస్తే పోతుంది అనుకున్నాను. మా వియ్యంకుడుగారి వైపు తిరిగి, "ఇంజను గుండెకాయలాగా కొట్టుకుంటోంది, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాను. వారు నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకున్నారు.

డీజిలు బండి చూడడానికి వెళ్ళినప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. ఇది వర్క్‌షాపులో చేరిన మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలిసిన విషయం. ముందే వేడి చేసి ఉంచితే హీటర్ ప్లగ్గులు పోయిన సంగతి తెలియదు, స్టార్టింగ్‌లో వచ్చే తెల్ల పొగ కనపడదు, చెయిను టెన్షనరు అరిగితే మొదటి రెండు మూడు సెకన్లు వచ్చే గలగల వినపడదు. అన్నిటికంటే ముఖ్యం, రేడియేటరు మూత తీసి చూడడానికి వీలుండదు. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, స్టార్ట్ చేయించి, నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా చూడాలి. వస్తుంటే సిలిండరులోని గ్యాసు నీళ్ళలోకి చేరుతోందన్నమాట. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, ఇంజను ఇంకా వేడెక్కకముందే పై గొట్టం రాయిలాగా బిగుసుకుంటే కూడా అదే అర్థం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. నేను చేయలేదు.

2019 మే నెలలో కుటుంబమంతా శ్రీశైలం బయలుదేరారు. ఏడుగురు మనుషులు, పైన సామాను, ఏ.సి. నిండా పెట్టారు. గుంటూరు నుంచి వినుకొండ, మార్కాపురం దాకా బాగానే వెళ్ళింది. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతుండగా టెంపరేచరు ముల్లు లేచింది. అల్లుడు చూశాడు. ఎండ మండిపోతోంది, చంటిపిల్లతో అడవిలో ఎక్కడ ఆపాలి, కాస్సేపట్లో శిఖరం వస్తుంది కదా అని పోనిచ్చాడు. శిఖర దర్శనం అయితే పునర్జన్మ ఉండదంటారు. మిగతావారి సంగతి దేవుడికి తెలియాలి, ఆ సిలిండర్ హెడ్డుకు మాత్రం నిజంగానే పునర్జన్మ లేకపోయింది. తెల్లని ఆవిరి, ఆ తరువాత ఇంజను ఆగిపోవడం. మూడు గంటలసేపు నల్లమల అడవిలో, పులుల అభయారణ్యం మధ్యలో, నలభై డిగ్రీల ఎండలో కూర్చున్నారు. నా మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. తెచ్చుకున్న మంచినీళ్ళు సగం రేడియేటరులో పోశారట. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోయడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పనక్కరలేదు, మూత తీసేటప్పుడు మా అల్లుడి చెయ్యి కాలింది. సాయంత్రం ఒక లారీ అతను పుణ్యం కట్టుకుని మార్కాపురం దాకా లాక్కొచ్చాడు.

అక్కడ ఒక షెడ్డులో హెడ్డు తీసి, చదును పట్టించి, కొత్త గాస్కెట్ వేసి 46 వేలు తీసుకున్నారు. హెడ్డులో పగులుందేమోనని ప్రెషర్ టెస్టు చేయించలేదు. రెండు నెలలకు మళ్ళీ నీళ్ళు తగ్గడం మొదలైంది. ఈసారి నేనే దగ్గరుండి గుంటూరులో కొత్త హెడ్డు వేయించాను. లక్షా 32 వేలు అయింది. మొదటిసారే చేయించి ఉంటే 46 వేలు మిగిలేవి. ఈ మాట వియ్యంకుడుగారు అనలేదు. నేనే చెబుతున్నాను.

వారు హెడ్మాస్టరు కదా, ప్రతి పైసా నోటు పుస్తకంలో రాసిపెట్టారు. మొన్న ఈ ప్రసంగం కోసమని అడిగితే పుస్తకం ఇచ్చారు. 2018 నవంబరు నుంచి 2022 ఆగస్టు దాకా లెక్క. రిపేర్లు, టైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి 3 లక్షల 91 వేలు. అందులో హెడ్డు సంగతి చెప్పాను. టైర్లు ఐదింటికి 52 వేలు, ఏ.సి. కంప్రెసరు, కూలింగ్ కాయిలు 41 వేలు, ముందు చక్రాల బాల్ జాయింట్లు, స్టీరింగ్ ఐడ్లర్ ఆర్మ్, బుష్‌లు 38 వేలు, క్లచ్చి 34 వేలు, డీజిలు పంపు సీళ్ళు మార్చి కాలిబ్రేషన్ చేయించినందుకు 28 వేలు. మిగతావి చిల్లర. ఇన్సూరెన్సు, సర్వీసింగులు కలిపి లక్షా 28 వేలు. డీజిలుకు లక్షా 87 వేలు. చివరకు బండి అమ్మితే లక్షా 75 వేలు వచ్చింది, అంటే కొన్న ధరలో 2 లక్షల 85 వేలు పోయింది. మొత్తం 9 లక్షల 91 వేలు. బండి తిరిగింది 21 వేల కిలోమీటర్లు. నేను భాగించి చూస్తే కిలోమీటరుకు 47 రూపాయలు వచ్చింది. ఆ రోజుల్లో డ్రైవరుతో సహా ఇన్నోవా అద్దెకు పిలిస్తే 18 రూపాయలు అడిగేవారు.

వియ్యంకుడుగారు ఆ పేజీ చివర ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసుకున్నారు. కమ్యుటేషన్ కోత 2032 దాకా ఉంటుందని. బండి వెళ్ళిపోయినా ప్రతి నెలా పెన్షనులో ఆ కోత పడుతూనే ఉంది.

ఈ ఖర్చుల్లో దేనికీ మోసం అని పేరు పెట్టలేము. రబ్బరు పదిహేనేళ్ళకు పోతుంది, బుష్ అరుగుతుంది, కాయిలు చిల్లు పడుతుంది. మారుతి కారుకూ ఇవే పోతాయి. తేడా ఎక్కడంటే, పాత బండిని మనం కొన్న ధరలో కొంటాం గానీ, దాని విడిభాగాలు మాత్రం అది కొత్తగా ఉన్నప్పటి తాహతుకు తగ్గ ధరలోనే వస్తాయి. రెండు టన్నుల బండికి బ్రేకులు, టైర్లు, క్లచ్చి అన్నీ ఆ బరువుకు సరిపోవాలి కదా. పైగా తయారీ ఆగిపోయిన బండికి అసలు భాగం దొరకడమే గగనం. నకిలీ సామాను, పాత బళ్ళ నుంచి పీకిన సామానుతో సర్దుకోవాలి. పీకిన హెడ్డు ఎప్పుడూ కొనకండి, అది ఏ ఘాటులో కాగిందో ఎవరికి తెలుసు.

అన్నీ పెద్ద రోగాలే కావు. ఒకసారి పజేరోలో ఫోర్ వీల్ లైట్లు మిణుకుమిణుకుమంటూ ఆగకుండా వెలిగాయి. ఒక గ్యారేజీలో గేర్ల పెట్టె దించాలి, అరవై వేలన్నారు. తీరా చూస్తే వాక్యూం గొట్టం ఒకటి ఎండి చీలిపోయింది. నాలుగు వందల్లో పని అయిపోయింది. ముందు ఇరుసు కలపడం, విడదీయడం ఆ వాక్యూంతోనే జరుగుతుంది కాబట్టి గొట్టం పోతే లైట్లు అలా కొట్టుకుంటాయి. పెద్ద పని అని ఎవరైనా చెబితే, రెండో మనిషిని అడిగిన తరువాతే విప్పనివ్వండి. ఇంకొక మాట. ఫోర్ వీల్ ఉంది కదా అని మధ్య లాకు వేసి పొడి తారు రోడ్డు మీద నడపకూడదు, ఇరుసులు పట్టేస్తాయి. అలాగని ఏడాదికోసారి కూడా కదపకుండా వదిలేసినా తుప్పు పట్టి బిగుసుకుంటుంది. నెలకోసారి మట్టిరోడ్డు మీద వేసి కాస్త దూరం నడపాలి.

ఫార్చ్యూనర్ సంగతి కొందరు అడిగారు. 2009లో మన దేశానికి వచ్చిన మొదటి మోడలు, మూడు లీటర్ల ఇంజను. గట్టి బండి, అందుకే పాతదైనా ధర దిగదు. దానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, లక్షా యాభై వేల కిలోమీటర్లకు మార్చాలి. గడువు వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. బెల్టు మార్చకుండా దీపం మాత్రమే ఆర్పేసి అమ్మేవాళ్ళున్నారు. ఆ బెల్టు తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను విప్పాల్సిందే. బిల్లు చూపించకపోతే బెల్టు మార్చలేదనే లెక్క వేసుకుని ఆ డబ్బు ధరలో తగ్గించుకోండి. దాని ఇంజెక్టర్లు కామన్ రైలు పద్ధతివి, వెయ్యి అట్మాస్ఫియర్లు దాటిన ఒత్తిడితో పనిచేస్తాయి. డీజిలులో నీళ్ళు, మట్టి, కిరోసిన్ కలిస్తే అవి ఓర్చుకోవు. నాలుగూ మార్చాలంటే మన నెల పెన్షను ఒక మూలకు రాదు.

జర్మనీ బళ్ళ గురించి రెండు మాటలతో ముగిస్తాను. గాలి సస్పెన్షను ఉన్న బండి రాత్రి నిలబెట్టి తెల్లవారి చూస్తే గేదె కూర్చున్నట్టు ఒక పక్కకు కూర్చుని ఉంటే, గాలి తిత్తులు చిట్లాయన్నమాట. కొన్ని ఇంజన్లలో టైమింగ్ చెయిను గేరుబాక్సు వైపు, వెనక ఉంటుంది. చెయిను ధర కంటే దాన్ని చేరుకోవడానికి విప్పే కూలి ఎక్కువ. మన జీపుల్లో ఏ నట్టయినా చేతికందేది. అలవాటైన ప్రాణం కదా, ఆ బోనెట్టు ఎత్తితే నాకు ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు.

ఇక కాగితాలు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు చెల్లిపోతుంది, తరువాత ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు పొడిగింపు ఫీజు 5 వేలు. 20 ఏళ్ళు దాటిన బళ్ళకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. విదేశం నుంచి దిగుమతి అయిన బండయితే 80 వేలు. దీనికి గ్రీన్ టాక్సు అదనం. 14వ ఏట బండి చవకగా వస్తోందంటే ఎందుకు వస్తోందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఢిల్లీ బళ్ళు అని ఇంకొక రకం ఉన్నాయి. పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు చెప్పాయి. ఆ విషయం 2025లో మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది, అది వేరే సంగతి. ఆ ఆంక్షల మూలంగా అక్కడి పెద్ద బళ్ళు అగ్గువకు హైదరాబాదు, విజయవాడ చేరాయి. అక్కడి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ మళ్ళీ జీవిత పన్ను కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఫైనాన్సు తీరినట్టు కాగితం ఉందా, చలానాలు బాకీ ఉన్నాయా చూసుకోవాలి. ఇవన్నీ అయ్యేదాకా పూర్తి డబ్బు చేతికివ్వకండి. బండి మీ పేరు మీదకు మారకముందు ప్రమాదం జరిగితే కోర్టుల చుట్టూ తిరగాల్సింది ఇద్దరూ.

ఇన్సూరెన్సు విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది. ఇంజను పోతే కంపెనీవాళ్ళు ఇస్తారనుకుంటారు. ప్రమాదానికే గాని అరుగుదలకు, కాగిపోయినదానికి మామూలు పాలసీలో ఏమీ రాదు. పదేళ్ళు దాటిన బండికి ప్రమాదం జరిగినా ఇనుప భాగాల ధరలో సగం కోస్తారు. 1,500 సి.సి. దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 జూన్ నుంచి 7,897 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి.

ఇంతా విని, అయినా కొంటామనేవారు ఉంటారు. కాదనను. పొలం దారులున్నవారు, కొండ ఊళ్ళలో ఉండేవారు, సొంతంగా పాన పట్టడం వచ్చినవారు హాయిగా కొనుక్కోవచ్చు. కొన్న ధరలో కనీసం మూడో వంతు వేరే తీసి బ్యాంకులో ఉంచుకోండి, మొదటి ఏడాదిలోనే దాని అవసరం వస్తుంది. కొన్న వారంలోనే కూలెంటు, థర్మోస్టాటు, రేడియేటరు మూత, గొట్టాలు, బెల్టులు అన్నీ కొత్తవి వేయించండి. పదిహేను వేలలోపే అవుతుంది. ముల్లు సగం దాటగానే ఏ.సి. ఆపి, పక్కకు తీసి నిలబెట్టండి. ముల్లు ఇంకా ఎర్రగీత చేరలేదు కదా అనుకోకండి. నీళ్ళు పూర్తిగా పోయిన తరువాత ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. దూరం నుంచి వచ్చాక టర్బో చల్లబడేదాకా ఒక నిమిషం ఇంజను నడవనిచ్చి ఆపండి. గుడికి, రైతు బజారుకు కిలోమీటరు దూరం వెళ్ళి రావడానికి మాత్రం ఇలాంటి బండి తీయకండి. ఆయిలు వేడెక్కకుండానే ఆపేస్తూ ఉంటే ఇంజను లోపల మసి పేరుకుంటుంది. దానికంటే నా స్కూటరు నయం.

మా వియ్యంకుడుగారు నన్ను ఈనాటికీ ఒక్క మాట అనలేదు. పండక్కి వెళితే ఎప్పటిలాగే పీట వేసి కూర్చోబెడతారు. నోటు పుస్తకం ఇస్తూ మాత్రం, "అందరికీ చెప్పండి బావగారూ, పేరు చెప్పకపోతే చాలు" అన్నారు. చెప్పలేదు.

మీలో ఎవరి ఇంట్లోనైనా పాత డీజిలు బండి కొనే ఆలోచన ఉంటే, అడ్వాన్సు ఇవ్వకముందు నాకు కబురు చేయండి. ముందు రోజు రాత్రి నుంచి బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని అమ్మేవారికి గట్టిగా చెప్పండి. పొద్దున్న ఆరు గంటలకు వస్తాను, ఫీజు ఏమీ లేదు, కాఫీ ఇప్పిస్తే చాలు. బోనెట్టు మీద చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగిలితే మాత్రం కాఫీ కూడా తాగకుండా వెనక్కి వచ్చేస్తాను.